తువ్వాలు కింద నూరుమంది

ముందే చెప్పేస్తున్నాను, తర్వాత నన్ను అనొద్దు. ఉన్నది ఉన్నట్టు చెప్పడం నా వల్ల కాదు. నాది పురుగుమందుల కొట్టు. ఈ మందు ఒక్క మూత చల్లితే మీ చేలో పురుగే కాదు, పొలిమేర అవతల పురుగు కూడా మూటాముల్లే సర్దుకుంటుందని రైతులకి చెప్పీ చెప్పీ నోరు ఇట్టా తయారైంది. మా గుంటూరు యార్డులో మిరపకాయ బస్తాకి తేమ ఉందని చెప్పి కొంత తరుగు తీస్తారు. నా మాటలకీ అట్టాగే తరుగు తీసి వినండి. మా ఆవిడైతే సగానికి సగం తీస్తుంది. ఎంత తీయాలన్నది మీ ఇష్టం. ఆఖర్న నేను ఎక్కడ కల్పించానో నేనే ఒప్పుకుంటాను.

పోయిన ఆదివారం మధ్యాహ్నం అన్నం తిని టీవీ పెట్టాను. కుటుంబాలకి కుటుంబాలే వచ్చి ఆడే ఆ క్విజ్ కార్యక్రమం వస్తోంది. దానికి కొత్త యాంకరు వచ్చాడు. ఇతగాడు ఐదోవాడు. పళ్ళు ఎంత తెల్లగా ఉన్నాయంటే, అతను నవ్వగానే మా హాల్లో ట్యూబులైటు సిగ్గుపడి ఆరిపోయింది. కరెంటు పోయిందని మా ఆవిడ అంటుంది. మరి టీవీ ఎట్టా ఆడిందని అడిగితే ఇన్వర్టరు అంటుంది. ఆడవాళ్ళకి ప్రతిదానికీ ఒక ఇన్వర్టరు ఉంటుంది.

అతను మొదటి ప్రశ్న అడిగాడో లేదో, నా కుడిచెయ్యి దానంతటదే సోఫా పక్కకి జరిగి, అరచెయ్యి పైకి పెట్టుకుని పడుకుంది.

"ఎవరికండీ ఆ చెయ్యి?" అంది మా ఆవిడ. అని, పక్కనున్న ప్లాస్టిక్ కుర్చీ వైపు చూసి ఊరుకుంది.

ఆ కుర్చీ బాబాయిది.

బాబాయి అంటే నాకు రక్తసంబంధం ఏమీ లేదు. మా ఎదురింటి మేడ మీద ఒంటిగదిలో అద్దెకున్న మనిషి. నాకు బాబాయి కాబట్టి మా ఆవిడకి మావయ్యగారు. మా పక్కింట్లో ఉండే చర్చి స్కూలు టీచరుగారికి అన్నయ్యగారు. తక్కిన వీధికంతటికీ బాబాయే. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని ఎవరైనా అడిగితే, "మచ్చు చూపించారు, బేరం కుదరలా" అనేవాడు. అంతకుమించి ఒక్క ముక్క రాలేది కాదు.

మిర్చి యార్డులో దళారీ పని చేశాడు. కంప్యూటర్లు రాకముందు అక్కడ ధర నోటితో పలికేవాళ్ళు కాదు. రైతు తరఫు మనిషీ కొనేవాడూ చేతులు కలిపి, పైన తువ్వాలు కప్పి, ఆ చాటున వేళ్ళు నొక్కి చెప్పుకునేవాళ్ళు. చుట్టూ ఎంతమంది నిలబడి మెడలు సాచినా తువ్వాలు మీద ముడతలు తప్ప ఇంకేమీ కనపడదు. ఆ పద్ధతికి ఒక్కటే కట్టుబాటు. గుడ్డ కింద అబద్ధం ఆడకూడదు. నోటితో ఎన్ని కోతలైనా కోయొచ్చు, వేలితో నొక్కింది మాత్రం వెనక్కి పోదు. "నోరు ఊరందరిదిరా అబ్బాయ్. చెయ్యి నా ఒక్కడిది" అనేవాడు బాబాయి.

ముప్ఫై ఏళ్ళు అట్టా నొక్కీ నొక్కీ, ఏ అంకే నోటితో చెప్పడం చేతకాకుండా పోయింది ఆయనకి. నిజం. పాలవాడికి వేళ్ళే చూపించేవాడు. జ్వరం ఎన్నాళ్ళ నుంచి అని డాక్టరు అడిగితే ఆయన చేతి మీద తువ్వాలు కప్పాడు. నాడి చూడమంటున్నాడనుకుని డాక్టరు నాడి చూసి మందు రాశాడు, తగ్గింది కూడా. ఓటర్ల జాబితా రాసుకోవడానికి వచ్చినావిడ "వయసెంతండీ?" అని అడిగినప్పుడు మాత్రం గొడవైపోయింది. తువ్వాలు తీసుకుని తన చెయ్యి మీదికి వస్తున్న ముసలాయన్ని చూసి ఆవిడ పెట్టిన కేకకి, పెదకాకాని గుళ్ళో జనం హారతి వేళయిందనుకుని లేచి నిలబడ్డారు.

నూరు ఒక్కటే నోటితో అనేవాడు. "అది అంకె కాదురా. జనం" అనేవాడు.

ఆ మాట ఆయనకి అలవాటైంది ఈ కార్యక్రమం వల్లే. చూడనివాళ్ళ కోసం చెబుతున్నాను. వాళ్ళు ముందుగానే ఎక్కడో నూరుమందిని ఒక ప్రశ్న అడిగి పెట్టుకుంటారు. 'అత్తగారు వస్తున్నారంటే కోడలు మొదట దాచేదేమిటి?' లాంటివి. ఎక్కువమంది ఏం చెప్పారో పోటీకొచ్చిన కుటుంబం ఊహించాలి. తెలివి అక్కర్లేదు, చదువు అక్కర్లేదు. జనం ఏమనుకుంటున్నారో తెలిస్తే చాలు. ఒక్కో ఇంటి నుంచి నలుగురు వరుసగా నిలబడతారు.

బాబాయి గదిలో ఫ్యానూ ట్రంకుపెట్టే తప్ప టీవీ లేదు. ఆదివారం భోజనాలు కాగానే మెట్లు దిగి, రోడ్డు దాటి, మా కుర్చీలో కూర్చుని, నా చెయ్యి తీసుకుని తువ్వాలు కప్పేవాడు. ప్రశ్న పడగానే జవాబు నా చెవిలో చెప్పేవాడు. ఎంతమంది ఆ జవాబు చెప్పి ఉంటారో చేతిలో చెప్పేవాడు. ఒక వేలు పడితే పదిమంది, నాలుగు వేళ్ళు పడితే నలభైమంది, పిడికిలంతా పడితే యాభై. బోర్డు మీద అంకె తిరిగేది. ఎప్పుడూ తప్పలేదు. సరే, తరుగు తీయండి, అప్పుడప్పుడూ తప్పేది. తప్పిన రోజున టీవీ వంక అనుమానంగా చూసి, "వీళ్ళు ఎవర్ని అడిగారో, ఎక్కడ అడిగారో" అనేవాడు. 'ఊరి పక్కన జాగా ఉంటే ఏం చేస్తారు?' అన్న ప్రశ్నకి ఎక్కువమంది తోట వేస్తామన్నారని బోర్డు చెబితే ఒప్పుకోలేదు. "ఈ ప్రశ్న పట్టుకుని రాజధానికి భూములిచ్చిన తుళ్లూరు వెళ్ళమనరా. ఆ జవాబు వేరే ఉంటుంది, దానికి ఎపిసోడు సరిపోదు."

ఇక యాంకర్లు. మనం యాంకర్ని చూసి బాగున్నాడు, బాగాలేడు అనుకుంటాం. బాబాయి కాయని చూసినట్టు చూసేవాడు. మొదటాయన వయసు మళ్ళిన సినిమా హీరోలా ఉండేవాడు. వచ్చిన ప్రతివాణ్ణీ కావలించుకుని మరు నిమిషంలో పేరు మర్చిపోయేవాడు. "రంగుంది. విరిస్తే గింజ లేదు" అన్నాడు బాబాయి. రెండోది ఒక అమ్మాయి, నవ్వు ఆగేది కాదు. మా తాత పోయాడని ఒకతను చెప్పబోతే కూడా సగం నవ్వేసి మిగతా సగం మింగింది. "ఘాటుంది, నిలవుండదు" అన్నాడు. ఉండలేదు, ఆరు నెలల్లో మారిపోయింది. మూడో ఆయన ప్రతి జవాబు మీదా ఉపన్యాసం ఇచ్చేవాడు. 'ఇంట్లో తరచుగా పోయే వస్తువేది?' అంటే ఒకావిడ దువ్వెన అని చెప్పింది. దువ్వెన మీద ఆయన మాట్లాడింది వింటుంటే నాకు ఉన్న నాలుగు వెంట్రుకలూ రాలిపోయాయి. "తేమెక్కువ. తూకానికే గానీ కూరకి పనికిరాడు." నాలుగోవాడు కుర్రవాడు. చెమటలు పట్టేవి, కార్డు చూసి చదివేవాడు. బాబాయి చాలాసేపు చూసి, "ఇంకా కళ్ళంలోనే ఉన్నాడు. ఆరలా" అన్నాడు.

అందరిలోనూ ఆయనకి ఒక్కటే ఫిర్యాదు. "ఆ చివర నిలబడ్డ మనిషిని ఎవరూ పలకరించరేందిరా?" నిజమే, నేనెప్పుడూ గమనించలేదు. నలుగురి వరుసలో మొదటివాడితో యాంకరు కబుర్లు చెబుతాడు, రెండో మనిషితో పరాచికాలాడతాడు, మూడో మనిషి దగ్గరికి వచ్చేసరికి ప్రకటనలు వస్తాయి. నాలుగో మనిషి చప్పట్లు కొడుతూ ఉండిపోతాడు. బాబాయి కార్యక్రమం మొత్తం ఆ నాలుగో మనిషినే చూసేవాడు. "ఆవిడకి జవాబు తెలుసురా. మొహం చూడు. ఎవరూ అడగట్లా."

జవాబులు ఆయనకి ఎట్టా తెలుస్తాయో నాకు అంతుబట్టేది కాదు. పెళ్ళాం లేదు, పిల్లల్లేరు, అత్తగారు ఎట్టా ఉంటుందో కూడా తెలియదు. మొగుడూ పెళ్ళాల ప్రశ్నలన్నీ ఆయనకే కరెక్టుగా తగిలేవి. ఈ ఆరా తీయడానికి ఒకరోజు బండి మీద ఆయన వెనకే వెళ్ళాను. కోల్డ్ స్టోరేజీల దగ్గర షెడ్లలో ఆడవాళ్ళు కూర్చుని మిరపకాయలకి తొడిమలు తీస్తుంటారు కదా, అక్కడికి వెళ్ళాడు. ముక్కుకి తువ్వాలు కట్టుకుని, వాళ్ళ మధ్య గోనెసంచి మీద కూర్చుని, తనూ తొడిమలు తీస్తూ మొదలుపెట్టాడు.

"అమ్మాయ్, మొగుడు ఇంటికి రాగానే మొదటి మాట ఏమంటాడు?"

"ఏం వండావ్ అంటాడు బాబాయ్."

"ఫోను ఛార్జరు ఏదీ అంటాడు."

"మావాడు ఏమీ అనడు. చెప్పులు విసిరిన చప్పుడే మాట!"

షెడ్డంతా నవ్వు, ఆ నవ్వుకి కారం లేచి తుమ్ములు. ఆ తుమ్ములకి పైకప్పు రేకు ఒకటి ఊడి పొన్నూరు వైపు ఎగిరిపోయింది.

"అయినా నీకెందుకు బాబాయ్ ఈ ఆరాలు? నీ ఇంటికొచ్చి నిన్ను అడిగేదెవరు?" అంది ఒక ముసలావిడ.

"అందుకేగా, మీ ఇళ్ళ సంగతి అడుగుతున్నా" అన్నాడు. ఆవిడ ఆయన ముందు ఇంకో దోసెడు కాయలు పోసింది.

ఇదే మాట మా ఆవిడా అడిగింది ఒకసారి. "ఇన్నిళ్ళ సంగతులు తెలుసుకుని ఏం చేస్తారు మావయ్యగారూ?"

"దళారీవాడు సరుకు కొనడమ్మా. చూస్తాడు. బాగుంటే సంతోషిస్తాడు" అన్నాడు, కాఫీ గ్లాసు అందుకుంటూ.

ఒక ఆదివారం కార్యక్రమం అయిపోయింది. కింద అక్షరాలు పరుగెడుతున్నాయి, మీ కుటుంబం కూడా పాల్గొనవచ్చు అని. బాబాయి లేవలేదు. నా నాలుగు వేళ్ళూ గట్టిగా పట్టుకున్నాడు.

"నలభైమందా? ప్రశ్న అయిపోయిందిగా బాబాయ్" అన్నాను.

కాదని తల ఊపాడు. నన్ను చూపించాడు. వంటింటి వైపు చూపించాడు. పక్కింటి గోడ వైపు చూపించాడు. ఆఖర్న, కాస్త ఆగి, తన గుండె మీద వేలు పెట్టుకున్నాడు. నాలుగు వేళ్ళంటే అక్కడ నలభై కాదు, నలుగురం. ఆ మనిషి తన కోసం ఇంకొకరిని ఏదైనా అడగడం నేను చూసింది అదే మొదలు, అదే ఆఖరు.

ఎంపికలు గుంటూరులోనే ఒక కల్యాణమండపంలో జరిగాయి. ఊరంతా అక్కడే ఉంది. ఒక కుటుంబం ఏకంగా పాడిగేదెని కూడా తెచ్చింది. ఒక కాగితం ఇచ్చారు, అందులో ఒక గడి: బంధుత్వం.

"రాయరా, ఎదురిల్లు అని" అన్నాడు బాబాయి.

"అట్టా రాస్తే గేటు దగ్గరే పంపించేస్తారు బాబాయ్. ఒకే కుటుంబం అయ్యుండాలంట."

"అయితే పోదాం పద. మచ్చులో ఒక కాయ, బస్తాలో ఇంకో కాయ నేనెప్పుడూ పెట్టలా."

అన్నాడే గానీ కదల్లేదు. కాళ్ళు గేటు వైపు, కళ్ళు స్టేజీ వైపు. ఆ రెంటి మధ్యా ఆయన పడుతున్న అవస్థ చూసి నేను కాగితం లాక్కుని 'బాబాయి' అని రాశాను, టీచరుగారికి 'మేనత్త' అని రాశాను. అబద్ధం నాది, చేతిరాత నాది. బాబాయి చూడనట్టు అటు తిరిగాడు. అప్పట్నుంచీ ఆయనకి ఒక్కటే భయం. స్టేజీ మీద ఎవరైనా సూటిగా అడిగితే నిజం చెప్పేస్తాడు. చెబితే నలుగురినీ దింపేస్తారు. జీవితంలో ఒకే ఒక్కసారి నిలబడబోయే వరుసలోంచి తన నోటితో తనే దిగిపోవాలి.

లాప్‌టాప్ ముందు కూర్చున్న అమ్మాయి ఆధార్ కార్డులు తిప్పి తిప్పి చూసింది. ఇంటిపేర్లు మూడు రకాలు. టీచరుగారి మెడలో శిలువ గొలుసు.

"మేడమ్, మీరు ఈయన చెల్లెలా?"

"చిన్నప్పట్నుంచీ అన్నయ్యగారనే పిలుస్తున్నానమ్మా" అన్నారు టీచరుగారు. తన చిన్నప్పట్నుంచో, తన ఉద్యోగం చిన్నప్పట్నుంచో చెప్పలేదు. చర్చి మనిషి, అబద్ధం ఆడదు, నిజాన్ని మాత్రం పొదుపుగా వాడుతుంది.

"చర్చికి వెళతారా? ఇంట్లో ఒప్పుకున్నారా మరి?"

"ఒప్పుకోకపోతే క్రిస్మస్ కేకు ఎవరు తింటున్నారు మా ఇంట్లో?" అంది మా ఆవిడ. అదీ నిజమే.

ఆ అమ్మాయికి ఇంకా అనుమానం పోలేదు. "సరే, ఒక పరీక్ష. ఈయన ఇంటికి రాగానే మొదట చేసే పని ఏంటి?" అని నన్ను చూపించి అడిగింది. మా ఆవిడ నోరు తెరవబోయింది. బాబాయి ముందే చెప్పేశాడు.

"గేటు దగ్గర బండి ఆపుతాడు. దిగడు. కాసేపు ఊరికే కూర్చుంటాడు. కొట్లో కోసిన కోతలన్నీ అక్కడ దించుకుని, అప్పుడు లోపలికి పోతాడు."

మా ఆవిడ నా వైపు తిరిగింది. "నిజమా?"

నేను ఇరవై ఏళ్ళుగా చేస్తున్న పని అది. నాకే తెలియదు.

బాబాయి ఈసారి మా ఆవిడని చూపించాడు. "ఈ అమ్మాయి దోసెలు అందరికీ వేసి, ఆఖర్న మాడిన అంచులు పొయ్యి దగ్గరే నిలబడి తింటుంది. దానికి అవే ఇష్టం, ఎవరూ లాక్కోకుండా దాచుకుంటుంది. మా టీచరమ్మ పరీక్ష పేపర్లు దిద్దుతూ, తప్పిన పిల్లల కోసం పైకి ప్రార్థన చేస్తుంది. నా కిటికీకి వినపడతది."

"రాత్రుళ్ళు కూడానా?" అన్నారు టీచరుగారు, సిగ్గుపడుతూ.

ఆ అమ్మాయి మా కాగితం మీద ఎంపికైనట్టు ముద్ర కొట్టింది.

హైదరాబాదులో షూటింగు. ఒక రేకుల గోడౌనులో మా గుంటూరు ఎండ మొత్తాన్ని లైట్లలో పోసి పెట్టారు. అక్కడ మొదటి గొడవ తువ్వాలు దగ్గరే వచ్చింది. "తీసేయండి సార్, కెమెరాకి బాగోదు" అన్నాడు ఒకతను. బాబాయి తీయనన్నాడు. ఆఖరికి మడత పెట్టి చొక్కా లోపల దోపుకున్నాడు. అందువల్ల మా కుటుంబంలో అందరికంటే పెద్ద పొట్ట ఆయనకే ఉన్నట్టు కనిపించింది, నేను పక్కన ఉండి కూడా. ఏ స్థానంలో నిలబడతారని అడిగితే, తనే పోయి చివర నిలబడ్డాడు.

నాలుగో యాంకరు వచ్చాడు, కళ్ళంలో ఉన్నవాడు. నన్ను పలకరించాడు. నేను మాట్లాడిన తీరుకి ప్రకటనలు ఇప్పుడే వేసేయమన్నారట లోపల. మా ఆవిడ దగ్గర, టీచరుగారి దగ్గర రెండేసి మాటలు మాట్లాడి వెనక్కి తిరిగాడు. తిరిగినవాడు ఏమనుకున్నాడో, కార్డు జేబులో పెట్టుకుని మళ్ళీ నడిచి వరుస చివరికి వచ్చాడు.

"బాబాయ్, ఇంత చివర నిలబడ్డారేంటి? చెప్పండి, మీ కుటుంబంలో ఎంతమంది?"

సరిగ్గా అదే ప్రశ్న. ఆధార్ కార్డు ప్రకారం జవాబు ఒక్కటి. మేం రాసిన కాగితం ప్రకారం నాలుగు. అబద్ధం చెప్పలేడు, నిజం చెబితే దిగిపోవాలి. పైగా అంకె, నోటితో రాదు.

బాబాయి చొక్కాలోంచి తువ్వాలు తీశాడు. ఆ కుర్రాడి కుడిచెయ్యి అందుకున్నాడు. పైన కప్పాడు.

లైట్లు కూడా రెప్ప వేయకుండా చూశాయి. తువ్వాలు మీద ఒక ముడత లేచి పడింది. యార్డులో తిరిగినవాళ్ళకి ముంజేయి చూస్తే వేళ్ళ సంగతి తెలిసిపోతుంది. నేను చూశాను. నాలుగు వేళ్ళు. కట్టగట్టి, గట్టిగా, ఆ ఆదివారం మా హాల్లో పట్టుకున్నట్టే.

"ఏంటి బాబాయ్ ఇది?" అన్నాడు కుర్రాడు, మెల్లగా. నవ్వించడానికి అడిగినట్టు లేదు.

"జవాబు" అన్నాడు బాబాయి.

"మీ దగ్గర ఇట్టా చెబుతారా?"

"గుడ్డ కిందది గుడ్డ కిందే ఉండాలి నాయనా. బయటికి చెప్పకు."

అతను తల ఊపి, తన చెయ్యి ఒకసారి చూసుకుని, వెళ్ళిపోయాడు.

ఆట బాగానే సాగింది. మా ఆవిడ రెండు జవాబులు కొట్టింది, టీచరుగారు ఒకటి కొట్టారు. ఆఖరి ప్రశ్న బాబాయి వంతుకి వచ్చింది. 'ఇంట్లో ఒక్కరే ఉన్నప్పుడు మనిషి మొదట చేసే పని ఏంటి?' నాకు నవ్వొచ్చింది. ఈ ప్రశ్న ఆయనకి కాక ఇంకెవరికి వస్తుంది? గెలిచేశాం అనుకున్నాను. టీవీ పెడతారు, పిచ్చివాడికైనా తెలుసు.

బాబాయి ఆలోచించలేదు. "తలుపు తీసి పెట్టుకుంటాడు" అన్నాడు.

బోర్డు మీద ఎర్రటి ఇంటూ గుర్తు పడింది. నూరుమందిలో ఒక్కడు కూడా ఆ మాట చెప్పలేదు. ఓడిపోయాం.

తిరుగు బస్సులో మా ఆవిడ ఊరుకోలేదు. "టీవీ అని మీకు తెలియదా మావయ్యగారూ?"

"ఎందుకు తెలియదమ్మా? నూరుమందీ అదే అంటారు. వాళ్ళు ఎప్పుడో ఒక పూట ఒక్కళ్ళు ఉన్నవాళ్ళు."

"మరి చెప్పొచ్చుగా?"

"ఇన్నేళ్ళూ నూరుమంది ఏమంటారో చెబుతూ వచ్చాగా. ఇవాళ నన్ను అడిగారు" అన్నాడు. తువ్వాలు మడిచి తల కింద పెట్టుకుంటూ, "ఆ కుర్రాడు ఆరాడురా" అన్నాడు. ఆ తర్వాత చిలకలూరిపేట వచ్చేదాకా నిద్రపోయాడు. హైదరాబాదు నుంచి గుంటూరుకి చిలకలూరిపేట దారిలో తగలదని మీరంటారు. డ్రైవరు కూడా మా మాటలు వింటూ దారి తప్పాడు. తీసుకోండి తరుగు.

ఎపిసోడు వచ్చింది. తువ్వాలు ముక్క కత్తిరించేశారు. బాబాయి చప్పట్లు కొడుతూ మూడు క్షణాలు కనపడ్డాడు, చివర. ఆయన అదేం పట్టించుకోలేదు. ఇంకో కుటుంబంలో చివర నిలబడ్డ మనిషిని చూస్తూ కూర్చున్నాడు.

పోయిన మిరపకోతలప్పుడు ఆయన పోయాడు. పెద్దాసుపత్రిలో కాగితం మీద మళ్ళీ అదే గడి వచ్చింది, బంధుత్వం. 'బాబాయి' అని రాశాను. అక్కడి అమ్మాయి ఆధార్ అడగలేదు. ఆ తువ్వాలు ఉతికి ఆ ప్లాస్టిక్ కుర్చీ మీదే వేసింది మా ఆవిడ.

ఇక నేను ఒప్పుకోవలసిన ముక్క. తుమ్ములకి రేకు ఎగరలేదు. గేదెని ఎవరూ తీసుకురాలేదు. చిలకలూరిపేట సంగతి మీరే పట్టుకున్నారు. ఓటర్ల జాబితా ఆవిడ కేక నిజం, గుళ్ళో జనం లేచింది మాత్రం కాదు. ఇవన్నీ మీరు ఎట్టాగూ తరుగు తీసేసి ఉంటారు. వాటికి ఒప్పుకోలు అక్కర్లేదు.

కల్పించింది ఒక్కటే. నాలుగు వేళ్ళు. నేను చూడలేదు. ముంజేయి చూసి వేళ్ళ సంగతి చెప్పగలిగితే ఇక తువ్వాలు ఎందుకు? ముడత లేచింది, పడింది. అంతవరకే చూశాను. ఒక్క వేలే పట్టుకున్నాడో, నాలుగూ పట్టుకున్నాడో నాకు తెలియదు. ఎన్నిసార్లు అడిగినా గుడ్డ కిందది గుడ్డ కిందే అన్నాడు తప్ప చెప్పలేదు. అది తెలిసిన మనిషి ఈ లోకంలో ఇంకొక్కడే ఉన్నాడు. ఆ నాలుగో యాంకరు. అతను కార్యక్రమం మానేసి ఎటో వెళ్ళిపోయాడు. తన చేతిలో పడిన జవాబుకి అర్థమేమిటో అతనికి తెలియదు. అర్థం తెలిసిన నాకు జవాబు తెలియదు. కొత్తగా వచ్చిన ఐదోవాణ్ణి అడిగి లాభం లేదు.

ఇదంతా రాసి మా ఆవిడకి చదివి వినిపించాను. అలవాటు ప్రకారం సగం కొట్టేస్తుందనుకున్నాను. రేకు కొట్టేసింది, గేదెని కొట్టేసింది, ట్యూబులైటు కొట్టేసి పక్కన ఇన్వర్టరు అని రాసింది. నాలుగు వేళ్ళ దగ్గర పెన్ను ఆగింది.

"ఇది నేను కల్పించిందే" అన్నాను.

"కానివ్వండి. దీనికి తరుగు లేదు" అంది.